నాచు, గుర్రపుడెక్క వేశాక గోబర్ గ్యాస్ మంట నిలవడం లేదు, సాయం చేయగలరా?

మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి పల్లె. మా 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ కావాలి. రెండు గేదెలను అమ్మేశాక సగమే దొరుకుతోంది. ఆ లోటు పూడ్చడానికి చెరువులోని నాచు, గుర్రపుడెక్క తరిగి వేస్తున్నాను.

మొదటి వారం మంట నీలంగా నిలిచింది. ఇప్పుడు పసుపుగా వణికి ఆరిపోతోంది. బయటికి వచ్చే ముద్ద పుల్లటి వాసన వేస్తోంది, డెక్క పైకి తేలి చాపలా అట్టకట్టింది. నాచులో నత్రజని ఎక్కువ కాబట్టి అమ్మోనియా పెరిగి గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయని చదివాను. కానీ ఈ పులుపు ఆమ్లం పెరిగిందనే కదా చెబుతోంది?

కొన్నాళ్లు నాచు, డెక్క మానేసి పేడనీళ్లే పోయాలా, సున్నపు నీళ్లు కలపాలా? నాచుకు తోడుగా వరిగడ్డి ఏ పాళ్లలో వేయాలి? అమ్మ మళ్లీ కట్టెల పొయ్యి ఊదుతోంది, ఆ దగ్గు వినలేకపోతున్నాను. స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి.