మైక్రో సీటీ (చిన్న నమూనాల 3డీ ఎక్స్-రే స్కాన్): అయోడిన్ పట్టించినా గుండె లోపలి గోడ నల్లగానే వస్తోంది

ప్రశ్న:
ఫార్మలిన్‌లో ఫిక్స్ చేసిన చుండెలుక గుండె. కండర పోగుల దిశ 3డీలో కావాలి. 5 శాతం లుగోల్ ద్రావణంలో (ఎక్స్-రేలను అడ్డుకుని కణజాలం తెల్లగా కనిపించేలా చేసే అయోడిన్, పొటాషియం అయోడైడ్ కలిపిన నీళ్లు) 24 గంటలు ఉంచి, 90 కేవీ ఎక్స్-రే వోల్టేజీ దగ్గర 8 మైక్రాన్ల వోక్సెల్ (3డీ చిత్రంలోని అతి చిన్న గడి) సైజు‌తో స్కాన్ చేశాను. బయటి పొర తెల్లగా మెరుస్తోంది, జఠరికల మధ్య గోడ నల్లగా ఉంది, అంచులు రెండేసిగా కనిపిస్తున్నాయి. గుండె కూడా కుంచించుకుపోయింది. గాఢత పెంచమంటారా?

జవాబు 1:
పెంచకండి, తగ్గించండి. కుంచించుకుపోవడానికి గాఢత ఒక కారణం, ద్రావణం ఆమ్లంగా మారడం ఇంకో కారణం. అసలు ఆ 5 శాతం దేని లెక్క? కొందరు అయోడిన్ ఒక్కటే చెప్తారు, కొందరు పొటాషియం అయోడైడ్‌నీ కలిపేస్తారు. అక్కడే మూడు రెట్లు తేడా వస్తుంది.

100 మి.లీ.కి 1 గ్రా. అయోడిన్, 2 గ్రా. అయోడైడ్ చాలు. ముందు అయోడైడ్ కరిగించి, ఆ తర్వాతే అయోడిన్ వెయ్యాలి. ఉత్త నీళ్లలో అది కరగనంటుంది. నీళ్లకు బదులు పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్ వాడండి. చీకట్లో ఉంచి, రంగు వెలిసినప్పుడల్లా ద్రావణం మార్చండి. గంటలు లెక్కపెట్టి తీయొద్దు. మధ్యలో 30 మైక్రాన్లతో ఓ చిన్న స్కాన్ చేసి, మధ్య గోడ బయటి గోడంత తెల్లబడ్డాకే తీయండి.

గుండె గదుల్లో రక్తం గడ్డకట్టి ఉందేమో కూడా చూడండి. ఉంటే ద్రావణం లోపలివైపు నుంచి గోడకు అందదు. ఫిక్స్ చేయకముందే, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడగాలి.

జవాబు 2:
రెండేసి అంచులకు అయోడిన్ స్టెయిన్‌తో సంబంధం లేదండీ, స్కాన్ మధ్యలో గుండె కదిలింది. గాలిలో ఆరుతూ ముడుచుకున్నా అలాగే వస్తుంది. నీటితో కడిగి, పారాఫిల్మ్ (మైనం లాంటి పలుచని పొర) చుట్టి, ప్లాస్టిక్ గొట్టంలో స్పాంజితో బిగించండి. మెషీన్‌లో పెట్టాక అరగంట ఆగి మొదలుపెట్టండి. అగరోజ్‌లో పోస్తే కదలదు కానీ అయోడిన్ మెల్లగా అందులోకి దిగిపోతుంది, వెంటనే స్కాన్ చేసేయాలి.

90 కేవీ కూడా ఎక్కువే. అయోడిన్ కె-ఎడ్జ్ (అది ఎక్స్-రేలను ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకోవడం మొదలయ్యే శక్తి) 33.2 కేఈవీ, కాబట్టి 60-70 కేవీ, 0.5 మి.మీ. అల్యూమినియం ఫిల్టర్ పెట్టి చూడండి. ఒక సంగతి: బీమ్ హార్డెనింగ్ (తక్కువ శక్తి ఎక్స్-రేలు ముందే ఆగిపోయి ఎక్కువ శక్తివే మిగలడం) వల్ల కూడా అంచు తెల్లగా, నడుమ నల్లగా వస్తుంది. అదైతే నలుపు బయటి ఆకారాన్ని అనుసరించి మెల్లగా చిక్కబడుతుంది. స్టెయిన్ అందకపోతే మాత్రం తెలుపు ఒక గీత దగ్గర టక్కున ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
గీత స్పష్టంగానే ఉంది. పీటీఏకి (ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం అనే ఇంకో స్టెయిన్‌కి) మారితే?

జవాబు 3:
పోగుల కోసమైతే అయోడినే మేలు. అది కండరంలో ఎక్కువగా, చుట్టూ ఉన్న పొరల్లో తక్కువగా చేరుతుంది కాబట్టి పోగుల కట్టలు విడివిడిగా కనిపిస్తాయి. పీటీఏ (70 శాతం ఇథనాల్‌లో 0.3 శాతం) కొల్లాజెన్‌ను పట్టుకుంటుంది. కవాటాలకు బాగుంటుంది గానీ అణువు పెద్దది, లోపలికి చేరడం చాలా ఆలస్యం. తర్వాత హిస్టాలజీ (పలుచగా కోసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేయాలన్నా అయోడినే నయం, సోడియం థయోసల్ఫేట్‌తో వదిలిపోతుంది. రంగు పోతుందే గానీ, కుంచించుకున్న సైజు మాత్రం తిరిగి రాదు.