సమాధానం తెలిసి కూడా టెక్నికల్ రౌండులో పోతున్నాను

హనుమకొండ అభ్యర్థి:
బీటెక్ పూర్తయి ఏడాది దాటింది. ఆన్‌లైన్ పరీక్షలు గట్టెక్కుతున్నాను కానీ టెక్నికల్ రౌండులో వరుసగా మూడుసార్లు పోయింది. పోయిన వారం వీడియో కాల్‌లో, ఉద్యోగుల పట్టికలోంచి రెండో అత్యధిక జీతం తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే ఆదేశం) రాయమన్నారు. జీతాలను ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, మొదటి వరుసను వదిలి తర్వాతిది తీసుకునేలా లిమిట్, ఆఫ్‌సెట్‌లతో రాశాను. "అత్యధిక జీతం ఇద్దరికి ఉంటే?" అని ఆయన అడిగారు. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది; అయినా సరైన క్వెరీ మనసులో పూర్తిగా కుదిరేదాకా నోరు విప్పకూడదనుకుని స్క్రీన్ వైపే చూస్తూ ఉండిపోయాను. ఒకే విలువ ఎన్నిసార్లు ఉన్నా ఒక్కసారే తీసుకునే డిస్టింక్ట్ అన్న మాట టైపు చేసేలోపే ఆయన తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పొరపాటు ఎక్కడ జరిగిందో అనుభవమున్నవారు చెప్పగలరు.

కాజీపేట వాసి:
నేను హైదరాబాద్‌లో పనిచేస్తూ కొత్తవారిని ఇంటర్వ్యూ చేస్తుంటాను. మీరు మౌనంగా ఉన్నంతసేపూ ఆలోచిస్తున్నారో, దిక్కుతోచక కూర్చున్నారో, పక్కన ఫోనులో వెతుకుతున్నారో అవతలివారికి తెలిసే దారి లేదు. ఈ రోజుల్లో మూడోదే ముందుగా అనుమానిస్తారు. "సమాన జీతాలను ఒకే స్థానంగా లెక్కించాలా?" అని మీరు తిరిగి అడిగి ఉంటే, నా వరకైతే సగం మార్కులు అక్కడే పడేవి. ఒకే స్థానమంటే, మధ్యలో సంఖ్య వదలకుండా స్థానాలు ఇచ్చే డెన్స్ ర్యాంక్ ఫంక్షన్ సరిపోతుంది. ర్యాంక్ వాడితే 1, 1 తర్వాత నేరుగా 3 వస్తుంది కనుక రెండో స్థానమే దొరకదు. ఈ తేడాను చెబుతూ రాసేవారు కామా ఒకటి మరిచినా, ఇంగ్లీషు కాస్త తడబడినా నేను పట్టించుకోను.

జనగామ నుంచి:
పై వారితో పూర్తిగా ఏకీభవించలేను, ఎందుకంటే అందరికీ అంత ఓపిక ఉండదు. ఉదయం తొమ్మిదిన్నరకు రమ్మంటే నేను తెల్లవారకముందే బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, మెట్రోలో రాయదుర్గం చేరుకున్నాను. మూడు గంటల దాకా కూర్చోబెట్టి, జావాలో రెండు వస్తువులు సమానమా అని చూసే ఈక్వల్స్‌ను మాత్రమే మార్చి, ఏ బకెట్‌లో (దాచే గడిలో) పెట్టాలో తేల్చే హాష్‌కోడ్‌ను మార్చకపోతే, కీ ఇస్తే విలువ తిరిగిచ్చే హాష్‌మ్యాప్‌లో ఏమవుతుందని అడిగారు. మనకు సమానమైన రెండు కీలు వేర్వేరు బకెట్లలో పడి, పెట్టిన విలువ మళ్లీ దొరకకపోవచ్చని వివరిస్తుంటే ఆయన తన ల్యాప్‌టాప్‌లో ఏదో మెయిల్ రాసుకుంటున్నారు. (ఆకలి సంగతి చెప్పనవసరం లేదు.) కాబట్టి మూడుసార్లు పోయిందని తప్పంతా మీ మీదే వేసుకోకండి. పైకి చెబుతూ రాయడం మాత్రం మీ చేతిలో ఉన్న పని. సబ్జెక్టు తెలియనివారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేయండి, తెలిసినవారైతే సగంలోనే తల ఊపేస్తారు.

హనుమకొండ అభ్యర్థి:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి మా చెల్లెలిని కూర్చోబెట్టి, నోటుపుస్తకంలో అయిదు పేర్లు, అయిదు జీతాలు రాసి చెప్పడం మొదలుపెట్టాను. తను డిగ్రీలో కామర్స్ చదువుతోంది. అంతా విని, "కొత్తగా చేరిన మనిషికి జీతం ఇంకా ఖరారు కాకపోతే ఆ గడిలో ఏం రాస్తారు?" అని అడిగింది. నల్ (విలువ లేని ఖాళీ గడి) సంగతి నాకు తట్టనేలేదు. కూర్చుని చూస్తే, అవరోహణ క్రమంలో మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నల్‌ను చివరికి నెడుతుంది కానీ పోస్ట్‌గ్రెస్ మొదట్లోనే పెడుతుంది. అంటే పోస్ట్‌గ్రెస్‌లో నా క్వెరీకి డిస్టింక్ట్ చేర్చినా అత్యధిక జీతమే రెండోదిగా వస్తుంది. ఎల్లుండి మరో కాల్ ఉంది. ఈసారి ఏ డేటాబేసని ముందే అడుగుతాను.