నాలుగున్నరేళ్ల బాబు పెన్సిల్ పట్టనంటున్నాడు, ఏ ఆటతో మొదలుపెట్టాలి?

విజయనగరం అమ్మ:
మా బాబు ఎల్‌కేజీ. స్కూల్ నుంచి రోజూ రెండు పేజీల రాత వస్తోంది, ఒకటి తెలుగు, ఒకటి ఏబీసీడీలు. పెన్సిల్ తీస్తే చాలు మంచం కిందకి దూరిపోతున్నాడు. నిన్న 'అ' దిద్దిస్తుంటే రెండోసారికే చెయ్యి నొప్పి అని ఏడ్చాడు, నేను గట్టిగా అరిచేశాను, తర్వాత నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అదే పిల్లాడు పెరట్లో మట్టితో గంటసేపు ఆడతాడు, అమ్మమ్మ చెప్పిన కథ పొల్లుపోకుండా తిరిగి చెప్తాడు. ఆటలతో నేర్పమని అందరూ అంటారు గానీ ఏ ఆటో, దేనితో మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు. ఖరీదైన బొమ్మలు కొనలేం, ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, సాయంత్రం ఒక గంట మాత్రమే దొరుకుతుంది. చాలా టెన్షన్‌గా ఉంది.

అంగన్‌వాడీ టీచర్:
చెల్లీ, వాడిది మొండితనం కాదు. నొప్పి అన్నాడంటే నిజంగానే నొప్పి అయి ఉంటుంది, ఈ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. ముందు వేళ్లకి పట్టు రావాలి, అది పిసికితే, ఒలిస్తే, గిల్లితే వస్తుంది. నువ్వు చపాతీలు చేసేటప్పుడు వాడికీ ఒక పిండిముద్ద ఇచ్చి పాములు చేయించు, పచ్చి బఠానీలు ఒలిపించు, ఆరిన బట్టల క్లిప్పులు తీయించు. దీనికి వేరే టైమ్ అక్కర్లేదు, నీ పనిలోనే అయిపోతుంది.

అన్నిటికన్నా నాకు నమ్మకం ముగ్గు మీద. పిండిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కొంచెం కొంచెంగా వదలాలి కదా, పెన్సిల్‌కి కావాల్సిన పట్టు దాదాపు అదే. రాతిముగ్గు వద్దు, కళ్లలో పడితే మంట, బియ్యప్పిండి ఇవ్వు. మొదట చుక్కలు పెట్టించు, తర్వాత చుక్క చుట్టూ సున్న.

ఇంకో మాట. అ, ఆ, ఇ, ఈ వరస నోటితో చెప్పడానికి బాగుంటుంది గానీ చేతికి ఆ మెలికలు కష్టం. సున్న వచ్చాక దాని మీద తలకట్టు పెడితే ర, ఆ ర లోపల చుక్క పెడితే ఠ. వ వస్తే దానికి కొమ్ము తగిలించి మ. నేను 16 ఏళ్లుగా ఇలాగే మొదలుపెడుతున్నాను, రాత అంటే భయపడే పిల్లలు కూడా ర దగ్గర నవ్వుతారు.

గుంటూరు తాతయ్య:
అమ్మా, లెక్కలకి మా మనవరాలితో వామనగుంటలు ఆడిస్తున్నాను. పీట లేకపోతే ఏం, నేల మీద సుద్దతో రెండు వరసల్లో ఏడేసి గుండ్రాలు గీసి ఒక్కోదాంట్లో ఐదేసి చింతపిక్కలు పోస్తాం. పంచుతూ పోతుంటే ఒకటీ రెండూ అదే వచ్చేసింది, ఇప్పుడు చూపుతోనే ఇందులో మూడున్నాయి తాతా అంటోంది. ఇంట్లో మూడేళ్ల లోపు పిల్లలుంటే మాత్రం పిక్కలు అందనివ్వకండి, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. ఆట అవగానే లెక్కపెట్టి డబ్బాలో వేయించండి, మొత్తం 70 ఉండాలి. అది కూడా లెక్కే.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ స్కూల్ వాళ్లు ఊరుకోవాలి కదా. మా పాపకి ఇలాగే రాత ఆపేస్తే మీటింగ్‌లో అందరి ముందూ వెనకబడింది అన్నారు, పాప అది విని వారం రోజులు స్కూల్‌కి వెళ్లనంది.

అంగన్‌వాడీ టీచర్:
తమ్ముడూ, పిల్ల ముందు ఆ మాట అనడం చాలా తప్పు. పునాది దశ, అంటే 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకి పాఠ్యపుస్తకాలు పెట్టొద్దు, చిన్న వర్క్‌షీట్లు చాలు అని ఉంది. 2023లో కేంద్రం జాదూయీ పిటారా అని బొమ్మలు, తోలుబొమ్మల్లాంటివి, పజిళ్లు ఉన్న పెట్టె కూడా ఈ పునాది దశ పిల్లల కోసమే తెచ్చింది. స్కూల్‌కి పోట్లాటకి వెళ్లొద్దు, క్లాస్ టీచర్‌ని విడిగా కలిసి రెండు పేజీల బదులు రెండు వరసలు రాయిస్తాం, మిగతాది ఇంట్లో పిండితో చేయిస్తాం అని అడగండి. వాళ్ల మీదా పైనుంచి ఒత్తిడి ఉంటుంది, నెమ్మదిగా చెప్తే చాలామంది వింటారు.

విజయనగరం అమ్మ:
పది రోజులు అయింది, చెప్దామని వచ్చాను. క్లాస్ టీచర్‌గారు రోజుకి ఒక్క వరసకి ఒప్పుకున్నారు. నేను అరిచినందుకు బాబుకి సారీ చెప్పాను. రోజూ సాయంత్రం గుమ్మం ముందు పిండితో కూర్చుంటున్నాం, మొన్న ఎనిమిది సున్నలు పెట్టి ఆఖరి దాని మీద తనే తలకట్టు గీసి "అమ్మా, ర!" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. పెన్సిల్ ఇంకా పట్టట్లేదు, బలవంతపెట్టట్లేదు. కాకపోతే ఇప్పుడు సుద్దముక్క దొరికితే గోడలన్నీ గీస్తున్నాడు, మాది అద్దె ఇల్లు, ఎలా ఆపాలి?

అంగన్‌వాడీ టీచర్:
ఆపకు చెల్లీ. పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి వాడి ఎత్తుకి గోడ మీద అంటించు, లావు క్రేయాన్లు ఇవ్వు. నిలబడి గీస్తే భుజానికీ మణికట్టుకీ మంచి బలం వస్తుంది.