ఫ్రిజ్‌కి ఆర్‌ఓ లైనే ఉంచాలా, ట్యాంకు మోడల్‌కి మారాలా?

మా ఫ్రిజ్‌కి ఆర్‌ఓ నుంచి పావు అంగుళం పైపుతో నీళ్లు ఇచ్చాం. డిస్పెన్సర్‌లో ధార సన్నగా వస్తోంది. ఐస్ ముక్కలు చిన్నగా, నడుమ బోలుగా, ఒకదానికొకటి అతుక్కుని పడుతున్నాయి. పొద్దున్నే బాగానే ఉంటుంది. వంటింట్లో ఎవరైనా ఆర్‌ఓ కుళాయి తిప్పి సీసాలు నింపారంటే మళ్లీ అదే తంతు.

ఫ్రీజర్ -18 డిగ్రీల దగ్గరే ఉంది. ఫ్రిజ్ ఫిల్టర్ మార్చాను, వెనక పైపు ఎక్కడా నలగలేదు, వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంది. అయినా తేడా లేదు. గేజ్ పెట్టి నీళ్ల ప్రెషర్ చూస్తే ఆర్‌ఓ ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు 25 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), సగమయ్యేసరికి 12. ఫ్రిజ్ మాన్యువల్ ప్రకారం కనీసం 20 ఉండాలి. మామూలు కుళాయి లైన్లో 45 వస్తుంది గానీ ఆ నీళ్ల టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల కొలత) 700. ఫ్రిజ్‌లోని కార్బన్ ఫిల్టర్ వాసన తీస్తుందే తప్ప ఉప్పును ఆపదు కదా!

ఫ్రిజ్ ఎలాగూ మార్చాలనుకుంటున్నాం. చేత్తో నీళ్లు పోసుకునే ట్యాంకు మోడల్‌కి ప్రెషర్ గొడవే లేదు, కానీ మాటిమాటికీ నింపాలి, పాచి పట్టకుండా కడగాలి. రెండూ వాడినవాళ్లు చెప్పండి: ఆర్‌ఓ తర్వాత ప్రెషర్ పెంచే బూస్టర్ పంపు పెట్టి పైపు లైనే కొనసాగించడం మేలా, ట్యాంకుదే తీసుకోవడం మేలా?