డైనమో ఛార్జింగ్ తగ్గింది, చుట్టూ ఆయిల్: కొత్తది వేయాలా, రిపేరు సరిపోతుందా?

కూరగాయల_బండి:
డీజిల్ పికప్ వ్యాను, 12 వోల్టులు. డైనమో (ఆల్టర్నేటర్) వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. రాత్రి హెడ్‌లైట్లు, వైపర్ వేస్తే డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు మసకగా వెలుగుతోంది, రేస్ ఇస్తే ఆరిపోతోంది. పొద్దున సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది. డైనమో కింది భాగమంతా ఆయిల్ తడి. లోడుతో వెళ్తుంటే బ్రేక్ పెడల్ కూడా కాస్త గట్టిగా అనిపిస్తోంది. బ్యాటరీ కొత్తదే. డైనమో మొత్తం మార్చేయమంటున్నారు. మార్చే ముందు ఏమేం చూడాలి?

సెల్ఫ్_డైనమో_పని:
ముందు బ్రేక్ సంగతి చూడండి, ఛార్జింగ్ తర్వాత. పెడల్‌ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ వచ్చేది ఆ పంపు నుంచే. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే పంపు గానీ, వాక్యూమ్ పైపు గానీ, బూస్టర్ గానీ పోయినట్టు. అది తేలేదాకా బండికి లోడు వేయకండి.

ఇక మల్టీమీటర్ తీసుకోండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక బ్యాటరీ మీద 12.4 నుంచి 12.7 ఉండాలి. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టినా 13.5 కంటే పడిపోకూడదు. 15 దాటితే కటౌట్ (వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్) పోయినట్టే, బ్యాటరీ నీళ్లు మరిగిపోతాయి.

అదే లోడు మీద ఇంకో రెండు కొలతలు చూడండి. డైనమో బీ ప్లస్ బోల్టు (కరెంటు బయటికి వచ్చే లావు వైరు బిగించేది) నుంచి బ్యాటరీ ప్లస్‌కి 0.3 వోల్టు మించకూడదు. డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.2 మించకూడదు. మించితే తప్పు డైనమోది కాదు, లగ్గుదో (వైరు చివరి బిగింపు ముక్క) ఎర్త్ వైరుదో. ఈ రెండు చూడకుండా మంచి డైనమోలు తీసి పక్కన పడేసేవాళ్లు చాలామంది. చివరగా మీటర్‌ని ఏసీకి తిప్పి బ్యాటరీ మీద పెట్టండి. 0.1 లోపు ఉంటే డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి) బాగున్నట్టు, 0.5 దాటితే డయోడ్ ప్లేటు పోయినట్టు.

కొందరు ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టర్మినల్ పీకి చూస్తారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. పీకిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి డయోడ్లు, కటౌట్, కొత్త బండైతే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కూడా పోతాయి.

కూరగాయల_బండి:
చూశానండి. ఇంజిన్ ఆపి 12.4, నడుస్తుంటే 13.2, లైట్లు వేస్తే 12.3. బీ ప్లస్ తేడా 0.15, ఎర్త్ తేడా 0.05. ఏసీ 0.06. పెడల్ దిగుతోంది కానీ నెమ్మదిగా.

సెల్ఫ్_డైనమో_పని:
అయితే వైర్లు, డయోడ్లు బాగున్నాయి. మీరు చెప్పిన ఆయిల్‌ని బట్టి చూస్తే పంపు సీలు పోయి ఆయిల్ లోపలికి దిగింది. కార్బన్ పొడితో కలిసి ముద్దలా అయ్యి బ్రష్‌లు (కార్బన్లు) హోల్డర్‌లో ఇరుక్కుంటాయి, లోపల తిరిగే రోటర్ మీది స్లిప్ రింగుని సరిగ్గా తాకవు. రేస్ ఇస్తే ఎలాగో లాక్కొస్తుంది, స్లోలో లోడు పడితే చేతులెత్తేస్తుంది.

విప్పించి రోటర్ కొలవండి. రెండు స్లిప్ రింగుల మధ్య సుమారు 2 నుంచి 5 ఓములు ఉండాలి. రింగుకీ షాఫ్టుకీ మధ్య మీటర్ అసలు కదలకూడదు. రింగుల మీద గాడి పడకపోతే జీరో పేపర్‌తో (బాగా సన్నని గరుకు కాగితం) తుడిస్తే చాలు. రోటర్, స్టేటర్ (దాని చుట్టూ కదలకుండా ఉండే వైండింగ్) బాగుంటే కార్బన్ సెట్టు, రెండు బేరింగులు, పంపు సీల్ కిట్టు వేస్తే సరిపోతుంది. బేరింగు మాత్రం పాతదాని మీద నంబరు చూసి రెండు వైపులా రబ్బరు సీలున్నదే కొనండి. రోటర్ షార్టయినా, స్టేటర్ వైండింగ్ నల్లబడినా రిపేరు డబ్బులు దండగ, కొత్తదే వేయండి.

హైవే_డీజిల్:
ఒక ముఖ్యమైన మాట చేరుస్తాను. సీలు ఎందుకు పోయిందో తేలకపోతే కొత్త డైనమో కూడా ఇదే దారి పడుతుంది. పంపులోకి ఆయిల్ ప్రెషర్ పైపులో వస్తుంది, లావు రబ్బరు పైపులో సంపులోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే చోటు) దిగిపోతుంది. ఆ రబ్బరు పైపు లోపల మడ్డి పట్టినా, వంపు తిరిగి నొక్కుకున్నా ఆయిల్ దిగక సీలుని తోసుకుని డైనమోలోకి వస్తుంది. ఆ పైపు తప్పక మార్చండి. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. పొగ బుస్సుమని తన్నుతుంటే క్రాంక్‌కేస్‌లో (ఇంజిన్ కింది గదిలో) ఒత్తిడి ఎక్కువుంది, ఆ ఒత్తిడి బయటికి పోయే బ్రీదర్ పైపు శుభ్రం చేయించండి.

బిగించే వరుస ఇది. ముందు బ్యాటరీ మైనస్ తీయాలి. బీ ప్లస్ వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, స్పానర్ బాడీకి తగిలిందంటే మంటే. వైర్లకు గుర్తు పెట్టి ఫోటో తీసుకోండి. అడ్జస్టింగ్ బోల్టు వదులు చేసి బెల్టు తీసి, ఆయిల్ పైపులు, వాక్యూమ్ పైపు విప్పి, కింది పొడుగు బోల్టు చివర్లో లాగండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పుల్లీ వ్యాసం, గాడులు, ఆంపియర్లు, కనెక్టరు, పంపు తిరిగే దిశ సరిచూడండి. పైకి ఒకేలా కనిపించేవి చాలా ఉంటాయి, పార్ట్ నంబరు కలిస్తేనే తీసుకోండి.

ఆయిల్ పైపు బోల్టుకి కొత్త రాగి వాషర్లు వేయండి. పైపు బిగించే ముందు పంపు ఆయిల్ రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి పుల్లీని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. లేదంటే పొడిగా తిరిగి లోపలి రెక్కలు గీసుకుపోతాయి. వీ బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే బిగిస్తే బేరింగుకి చేటు, వదులైతే బెల్టు జారి కీచుమంటుంది. కొత్త బెల్టు 15 నిమిషాలు నడిచాక సాగుతుంది, మళ్లీ చూసి బిగించాలి. మైనస్ చివర్లో పెట్టండి.

పెట్టగానే నీరసపడ్డ బ్యాటరీని కొత్త డైనమో మీదికి వదలొద్దు. ఛార్జర్ మీద నిండా ఎక్కించాకే బండికి పెట్టండి. లేకపోతే మొదటి గంటంతా డైనమో పూర్తి లోడు మీద కాగుతుంది.

వ్యాన్_వైరింగ్:
పని బండ్లలో ఇన్వర్టర్ పెట్టుకునేవాళ్లకు కూడా చెప్పాలి. 600 వాట్ల డ్రిల్లు నడిపితే బ్యాటరీ నుంచి 55 ఆంపియర్ల పైనే లాగుతుంది. 65 ఆంపియర్ల డైనమో స్లోలో అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు, మిగతాదంతా బ్యాటరీలోంచే పోతుంది. బాడీకి ర్యాకులు వెల్డింగ్ చేయిస్తే బ్యాటరీ రెండు టర్మినళ్లూ, డైనమో కనెక్షన్లూ తీయించి, వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు పని జరిగే చోటికి దగ్గరలో పెట్టించండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా డైనమో మీద కొట్టనివ్వకండి.

కూరగాయల_బండి:
డైనమో విప్పించాం. రోటర్ 3.1 ఓములు, షాఫ్టుకి ఏమీ చూపించలేదు. ఒక కార్బన్ హోల్డర్‌లోనే ఇరుక్కుపోయి ఉంది, ఆయిల్ దిగే పైపు సగం మూసుకుపోయింది. వైండింగుని పెట్రోలుతో కడగొచ్చా?

సెల్ఫ్_డైనమో_పని:
వద్దండి, వైండింగ్ మీది వార్నిష్ దెబ్బతినొచ్చు, నిప్పు ప్రమాదం కూడా. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, గుడ్డతో తుడిచి, ఎండలో బాగా ఆరబెట్టండి. కొత్త కార్బన్లు హోల్డర్‌లో వేలితో నొక్కితే స్ప్రింగు మీద తేలిగ్గా కదలాలి. బిగించాక అవే కొలతలు మళ్లీ చూసి ఇక్కడ పెట్టండి.