సమస్యాపూరణం: "మీద నున్నది క్రిందాయె మేలు గలిగె"

నిర్వాహకుడు: తొలకరితో పాలమూరు బజారుకు నేరేడు గంపలు దిగుతున్న ఈ రోజుల్లో, అమెరికా ఇళ్లలో బెర్రీలతో సులువుగా చేసుకునే కాబ్లర్‌ను (పండ్లు, పిండి కలిసి ఓవెన్‌లో కాలే తీపి వంటకం) మన నేరేడు పండ్లతో చేయడమే వస్తువుగా ఈ తేటగీతి పద్యపు చివరి పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను; ముందు మూడు పాదాలు అల్లి దీనికి అర్థం కుదర్చాలి. మైదా, చక్కెర, పాలు ఒక్కో కప్పు, వెన్న సుమారు 110 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు, గింజ తీసిన పండ్లు రెండు కప్పులు తీసుకుని, ఓవెన్‌లో 180 డిగ్రీల సెల్సియస్ వేడిలో ముప్పావు గంట ఉంచితే చాలు.

దేవరకొండ సభ్యురాలు:
వెన్న కరిగిన గిన్నెలో వేసి పిండి
మీద నేరేడు ముక్కలు మెల్లఁ బరచి
కలుపకుండంగ పొయ్యిలోఁ గాల్చినంత
మీద నున్నది క్రిందాయె మేలు గలిగె

వనపర్తి సభ్యుడు: యతులన్నీ (పాదం తొలి అక్షరానికి నాలుగవ గణం తొలి అక్షరంతో పొత్తు) చక్కగా కుదిరాయమ్మా. అయితే "ముక్కలు" బహువచనం, సమస్యలోని "ఉన్నది" ఏకవచనం కనుక అన్వయం కుంటుపడింది. "గుజ్జును" అని మారిస్తే భగణం (ఒక గురువు, రెండు లఘువులు) భగణంగానే ఉంటుంది. "కలుపకుండంగ" అన్నదే ఈ పద్యానికి ప్రాణం. అడుగున వెన్న, దానిపై పాలతో జారుగా కలిపిన పిండి, ఆపై పండు ఉన్నవి ఉన్నట్లే వేడెక్కాలి. గరిటెతో కదిపితే అంతా ముద్దయి, అంచుల వెంట వెన్నలో వేగిన కరకర రాదు.

దేవరకొండ సభ్యురాలు: సవరణ శిరోధార్యమండీ. "గుజ్జును" అనే ఉంచుతాను.

షాద్‌నగర్ సభ్యుడు: నా మూడవ పాదం చూడండి.
పాలు పిండియుఁ బండ్లును బాగఁ గలిపి

వనపర్తి సభ్యుడు: ఛందస్సులో దోషం లేదు, దోషం వంటలోనే ఉంది. అన్నీ ముందే కలిపేస్తే మీద ఉన్నదంటూ ఏదీ మిగలదు, ఇక క్రిందికి పోయేదేమిటి? సమస్యలోని చిక్కు విడిపోలేదు.

కొల్లాపూర్ సభ్యురాలు:
బుడగ లెన్నేని పుట్టగాఁ బొంగి పిండి
తేలెఁ బైపైకి; రసమూరి దిగెను పండు;
తీపి వగరుల పొరలుండఁ దినఁగ నింపు
మీద నున్నది క్రిందాయె మేలు గలిగె

వనపర్తి సభ్యుడు: ఇప్పటికి వచ్చిన వాటిలో ఇదే మేలైన పూరణ. బేకింగ్ పౌడర్ తడికీ వేడికీ కార్బన్ డయాక్సైడ్ బుడగలను విడుదల చేయగా పిండి తేలికై లేస్తుంది, రసంతో బరువెక్కిన పండు దిగుతుంది. ఆ కారణాన్ని మొదటి రెండు పాదాల్లోనే చెప్పారు. "వగరు" అనడమూ సత్యమే, చక్కెర ఎంత వేసినా నేరేడు వగరు పూర్తిగా పోదు. మూడవ పాదంలోని పొరలు పళ్లెంలోనూ నిలవాలంటే మాత్రం దించిన పావుగంటకు, రసం చిక్కబడ్డాక వడ్డించాలి.