ఉత్తర సముద్రంలో చమురు తియ్యాలో వద్దో చెప్పాల్సింది జడ్జీలా?

గ్రానైట్‌రాజు (అబర్డీన్, స్కాట్లాండ్):
తెలియనివాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. 2024 జూన్ 20న బ్రిటన్ సుప్రీంకోర్టు ఫించ్ కేసులో తీర్పిచ్చింది. గాట్విక్ విమానాశ్రయం దగ్గర హార్స్‌హిల్ అనే చోట చమురు బావులకు సర్రే కౌంటీ కౌన్సిల్ 2019లో ఇచ్చిన అనుమతి చెల్లదంది. ఎందుకయ్యా అంటే, తీసిన చమురును తర్వాత ఎవరో ఎక్కడో కాలిస్తే వచ్చే కార్బన్‌ను పర్యావరణ నివేదికలో లెక్క కట్టలేదట. అదే తీర్పు పట్టుకుని 2025 జనవరి 29న ఎడిన్‌బరోలో లార్డ్ ఎరిక్ట్ అనే జడ్జి రోజ్‌బ్యాంక్, జాక్‌డా అనే సముద్రపు చమురు, గ్యాస్ క్షేత్రాలు రెండింటి అనుమతులూ రద్దు చేశారు. రోజ్‌బ్యాంక్ ఒక్కదాన్లోనే సుమారు 30 కోట్ల బ్యారెళ్లున్నాయి.

నా ప్రశ్న ఒకటే. ఎప్పుడూ ఓటు అడగని మనిషి, దేశానికి గ్యాస్ ఎక్కణ్ణించి రావాలో ఎలా తేలుస్తాడు? ఇక్కడ తియ్యకపోతే వాడకం ఆగదు. అమెరికాలో ద్రవంగా మార్చి ఓడలో తెస్తారు. దానికి ఇంకా ఎక్కువ కాలుష్యం.

లాపాయింట్:
తియ్యొద్దని కోర్టు ఎక్కడా అనలేదండి. లెక్క కట్టండి, జనం ముందు పెట్టండి, ఆ తర్వాత ఇవ్వాలనుకుంటే అనుమతి ఇచ్చుకోండి అంది. తీర్పు చదివారా, వాట్సాప్‌లో చూశారా?

గ్రానైట్‌రాజు:
చదివాను సార్. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు అటు, ఇద్దరు ఇటు. ఇది దేశం మొత్తానికి సంబంధించిన విధానం, స్థానిక కౌన్సిల్ నెత్తిన పెట్టేది కాదని ఆ ఇద్దర్లో ఒకరైన లార్డ్ సేల్స్ విడిగా రాశారు. నేనన్నదీ అదే.

కొబ్బరిమొవ్వ:
ఓడినవాళ్లు రాసింది మాత్రమే చదివినట్టున్నారు. హార్స్‌హిల్‌లో బావి దగ్గర పని వల్ల వచ్చే కార్బన్ 1,40,958 టన్నులు. ఆ చమురు కాలిస్తే వచ్చేది 1.06 కోట్ల టన్నులు. అంటే సుమారు 75 రెట్లు. కౌన్సిల్ చిన్న అంకె చూసి సంతకం పెట్టింది. పులుసులో ముక్కలు వదిలేసి కరివేపాకు తూచినట్టుంది.

గ్రానైట్‌రాజు:
ఆ లెక్కన విశాఖ ఉక్కుతో చేసిన ప్రతి కారు పొగనీ ఉక్కు ఫ్యాక్టరీ ఖాతాలో రాయండి. దీనికి అంతెక్కడ?

లాపాయింట్:
ఉక్కు ఉదాహరణ తీర్పులోనే ఉంది. చదివానన్నారుగా! ఉక్కు కారు కావచ్చు, వంతెన కావచ్చు, గరిట కావచ్చు. దాన్నిబట్టి కాలుష్యం ఊహించడం కుదరదని గెలిచిన ముగ్గురి తరఫున లార్డ్ లెగ్గాట్ రాశారు. చమురు అలా కాదు. శుద్ధి చేశాక అది కాలి తీరుతుందని కేసులో అందరూ ఒప్పుకున్నదే.

స్టావెంగర్‌శ్రీను:
మా నార్వేలోనూ ఇదే గొడవ. 2024లో కనుమ వెళ్లిన రెండో రోజున ఆస్లో జిల్లా కోర్టు మూడు చమురు క్షేత్రాల అనుమతులు చెల్లవంది. 2025 మేలో ఎఫ్టా కోర్టు (నార్వే ఉన్న వాణిజ్య కూటమి కోర్టు) కూడా కాల్చాక వచ్చేది ప్రాజెక్టు ప్రభావమేనంది. ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర ఈ మాట ఎత్తితే ఎవరి ప్లేటు వాళ్లు తీసుకుని లేచిపోతారు.

గ్రానైట్‌రాజు:
శ్రీనూ, మీ ప్లేటు మీకుంది. ఇక్కడ మా కాంట్రాక్టు కంపెనీలో మార్చిలో ఇరవై మందికి పైగా పంపేశారు. అందులో నేనూ ఉన్నాను. వీసా స్పాన్సరు కూడా వాళ్లే. ఉత్తరం వచ్చాక అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. పాప స్కూల్లో ఏం చెప్పాలో తెలియక మా ఆవిడ టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్రపోలేదు. పదకొండేళ్లు ఈ చలిలో హెలికాప్టర్ ఎక్కి దిగినవాణ్ణి. మీకు అది తీర్పు. నాకు అది ఉత్తరం.

తూనికరాయి:
బాధ అర్థమైంది అన్నా. కానీ ఆ ఉత్తరం జడ్జి రాసింది కాదు. బ్రిటన్ వైపు ఉత్పత్తి 1999లోనే శిఖరానికి చేరి, అప్పట్నించీ దిగుతూ వచ్చింది. 2024 నవంబరు నుంచి లాభాల మీద పన్ను మొత్తం కలిపి 78 శాతం. పైగా లార్డ్ ఎరిక్ట్ పనులు ఆపమనలేదు. కొత్త నిర్ణయం వచ్చేదాకా చమురు, గ్యాస్ పైకి తియ్యొద్దన్నారు, అంతే.

గ్రానైట్‌రాజు:
"అంతే" అట! పైకి తియ్యడానికి కాకపోతే అంత డబ్బు సముద్రంలో ఎవడు పోస్తాడు? ఆ "అంతే" విన్న రోజే మా మేనేజరు ఫైళ్లు మూసేశాడు.

తూనికరాయి:
ఆ కేసులో కంపెనీలే తమ పాత అనుమతి చట్టబద్ధం కాదని ఒప్పుకున్నాయి. రద్దు మాత్రం చెయ్యొద్దని వాదించాయి.

గ్రానైట్‌రాజు:
నేను కంపెనీ వకీలుని కాదు.

కొబ్బరిమొవ్వ:
హార్స్‌హిల్ దగ్గర ఫించ్ అనే ఆవిడ హైకోర్టులో ఓడింది, అప్పీలు కోర్టులో ఓడింది, ఐదో ఏట గెలిచింది. ఆవిడకి తిరగడానికి కోర్టన్నా ఉంది. మా కోనసీమలో అడగడానికి సభే లేదు. 2020 జనవరిలో కేంద్రం పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ సవరించి, చమురు, గ్యాస్ అన్వేషణని బీ2 కేటగిరీలో వేసింది. అంటే అన్వేషణకి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. రిగ్గు వచ్చి నిలబడ్డాక ఊరికి తెలుస్తుంది.

గ్రానైట్‌రాజు:
అబర్డీన్ సంగతిలోకి కోనసీమ ఎందుకొచ్చింది?

మామిడికుదురు1984:
1995 జనవరి 8, పాశర్లపూడి బ్లో అవుట్, బావిలోంచి గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. 65 రోజులు మంట. నేను ఆరో క్లాసు. రాత్రి డాబా మీద దీపం లేకుండా ఎక్కాలు చదువుకున్నాం. అందుకొచ్చింది.

లాపాయింట్:
ఇండియా మాట వచ్చింది కాబట్టి చిన్న పిడకల వేట. 2024 మార్చి 21న మన సుప్రీంకోర్టు వాతావరణ మార్పు చేటు నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలో 14, 21 అధికరణాల్లో ఉందని చెప్పింది. ఏ కేసులో? కరెంటు తీగలకి తగిలి చచ్చిపోతున్న బట్టమేక పిట్ట కేసులో. ఆ పిట్ట తిరిగే చోట్ల తీగలు భూమిలో పాతాలన్న పాత ఆదేశాన్ని సడలిస్తూ! హక్కేమో వచ్చింది, పిట్టకి తీగలు మిగిలాయి.

గ్రానైట్‌రాజు:
కొబ్బరిమొవ్వ గారూ, సూటిగా అడుగుతున్నా. మీకు పరిహారం తక్కువొచ్చిన కోపాన్ని వాతావరణం అని పిలుస్తున్నారు. అవునా?

కొబ్బరిమొవ్వ:
మాట జాగ్రత్తండి. అవును, మా తోటలోంచి పైపులైను పోయింది. పదహారు సెంట్ల మేర కొబ్బరి చెట్లు కొట్టేశారు. ఆ పట్టీ మీద మళ్లీ చెట్టు వేయకూడదు. ఏ కంపెనీయో చెప్పను, ఇప్పటికీ వాళ్ల మనుషులు మా గేటు ముందు నుంచే వెళ్తారు. కొబ్బరి దింపు తీసిన ప్రతిసారీ మా నాన్న ఆ ఖాళీ పట్టీని తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నడిస్తే తప్పేం లేదు. నడవలేదు. పరిహారం తీసుకున్నాం, సంతకం పెట్టాం. కానీ ఎందుకు, ఎంత, ఎన్నాళ్లు అని ఎవరూ ముందు కూర్చోబెట్టి చెప్పలేదు. అబర్డీన్‌లో కూర్చుని దీన్ని డబ్బు గొడవ అంటారా?

గ్రానైట్‌రాజు:
నేను అబర్డీన్‌లో పుట్టలేదు. మాది రాజోలు వైపు. మూడెకరాల్లో ఎకరంన్నర రిగ్గుకి లీజుకిచ్చాడు మా నాన్న. ఆ డబ్బుతోనే నేను కాకినాడలో ఇంజనీరింగ్ చదివాను. అక్క పెళ్లి దాంతోనే. చమురు అంటే మీరందరూ పొగ లెక్కలు రాస్తారు. నాకు ఫీజు రసీదు గుర్తొస్తుంది. ఆ పొగ కూడా బావి ఖాతాలోదే అని కోర్టు అన్నప్పుడు, మా నాన్ననే ఏదో అన్నట్టనిపించింది. అదీ నా కోపం. చాలా?

కొబ్బరిమొవ్వ:
మీ నాన్నగారిని ఎవరూ ఏమీ అనలేదండి. ఆయన్ని వాళ్లు అడిగారు, లీజు రేటు మాట్లాడారు. పొలం ఆయనది కాబట్టి అడిగారు. పక్క పొలం వాళ్లని అడగలేదు. నేను ఇందాకట్నించీ పక్క పొలం గురించి మాట్లాడుతున్నాను.

గ్రానైట్‌రాజు:
పక్క పొలం అంటే ఎంత దూరం దాకా? ఊరా, జిల్లానా? మీ లెక్కన ప్రపంచం అంతా పక్క పొలమే.

కొబ్బరిమొవ్వ:
ఫించ్ కేసులో దెబ్బలాట అంతా దాని మీదేగా!

స్టావెంగర్‌శ్రీను:
రాజు గారూ, ఇక్కడ ఒకటి రెండు పోస్టులు ఖాళీ ఉన్నాయి. సీవీ పర్సనల్ మెసేజ్‌లో పెట్టండి.

కొబ్బరిమొవ్వ:
రాజోలు వైపు ఏ ఊరండీ మీది?

గ్రానైట్‌రాజు:
చెప్పను. చెప్తే మా నాన్న ఎవరో మీకు తెలిసిపోతుంది. శ్రీనూ, పెడతాను. ముందు ఎవరైనా ఆ 1,40,958 తీర్పులో ఏ పేరాలో ఉందో చెప్పండి.